పదహారు మెట్ల రాయి

మొన్న మా ఎదురింటాయన మారిషస్ చూసొచ్చి, నంద్యాలలో మా వీధి మొత్తానికి ఫోటోలు చూపించే పనిలో పడ్డాడు. మా ఇంటి వంతూ వచ్చింది. సముద్రం, హోటలు, హోటలు ముందు ఆయన, చేతిలో కొబ్బరిబోండంతో మళ్ళీ ఆయన. రాజధాని పోర్ట్ లూయిస్ ఫోటో దగ్గర ఆగి, "ఫ్రెంచోళ్ళు ఎంత బాగా కట్టినారప్పా ఊరు" అన్నాడు. నాకు చుర్రుమంది. కాఫీ చేతికిచ్చాక మనిషిని పొమ్మనలేం కాబట్టి ఊరుకున్నాను. మా మేనత్త ఉండుంటే ఊరుకునేది కాదు.

అత్త ఇక్కడే మిషన్ బడిలో సోషల్ టీచరు. పెళ్ళి చేసుకోలేదు. సిలబస్‌లో ఉన్నా లేకపోయినా ఏడాదికోసారి పోర్ట్ లూయిస్ చరిత్ర చెప్పేది. ఆ పేరు ఒక ఫ్రెంచి రాజుది, ఆ రాజు ఆ రేవు మొహం కూడా చూసినవాడు కాదు. రేవు కట్టడానికి ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసల్ని తెచ్చారు, పుదుచ్చేరి వైపు నుంచి పనివాళ్ళను తీసుకుపోయారు. తర్వాత ఇంగ్లీషువాళ్ళు ఊరిని లాక్కున్నారు. బానిసత్వం పోయింది గానీ చెరకు కొట్టడానికి చేతులు కావలసి వచ్చాయి. మనవాళ్ళ చేత కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుని మద్రాసులో ఓడలెక్కించారు. పోర్ట్ లూయిస్ రేవులో దిగినవాళ్ళు పదహారు రాతిమెట్లు ఎక్కాలి. పాఠం అక్కడికి ఆపేసేది. ఆ మెట్లెక్కినవాళ్ళలో తన జేజినాయన ఒకడని పిల్లలకు ఏనాడూ చెప్పలేదు.

ఆయన నాకు ముత్తాత. కరువులో చాగలమర్రి నుంచి నడుచుకుంటూ పోయినవాడు మళ్ళీ రాలేదు. మద్రాసులో మారిషస్ ఓడెక్కడం చూశామని ఊరివాళ్ళెవరో చెప్పారు గానీ, ఆయన దగ్గర్నుంచి జాబూ రాలేదు. సమాధుల పండుగ నాడు మా చర్చి సంఘంలో అందరూ తమవాళ్ళ సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, ఆయన భార్య, అంటే అత్తకు జేజి, తన కొవ్వొత్తిని సమాధుల తోట ప్రహరీ గోడ మీద పెట్టేది. గాలికి ఆరిపోయేది. మళ్ళీ వెలిగించేది. చిన్నప్పుడు ఆమె పక్కన నిలబడి అగ్గిపెట్టె అందించింది మా అత్తే.

రిటైరయ్యాక అత్త జేజినాయన పేరున సమాధి రాయి పెడతానంది. దేహం లేనిదే రాయి పెట్టే పద్ధతి లేదన్నారు సంఘ పెద్దలు. అత్త వాదించలేదు. ఆమె వాదించలేదంటే ఇంకేదో చేయబోతోందని మాకు తెలుసు. నేరుగా ఆళ్ళగడ్డకు పోయి, దేవుళ్ళ విగ్రహాలు చెక్కే శిల్పి చేత నల్లరాయి మీద ఆయన పేరూ, దాని పైన మెట్లూ చెక్కించింది. తీరా లెక్కపెడితే మెట్లు పదిహేనే ఉన్నాయి. ఒక్క మెట్టు తక్కువైతే ఏమిటన్నాడట శిల్పి. "ఆ ఒక్కటి గూడా మా జేజినాయన ఎక్కినాడు" అని, పదహారోది పడేదాకా అక్కడే బండ మీద కూర్చుంది. ట్రాలీ ఆటోలో రాయి పక్కనే కూర్చుని నంద్యాలకు తెచ్చింది.

గేటు దగ్గర పెద్దలు అడ్డం నిలబడ్డారు. ఏండ్ల తరబడి సండే స్కూలు నడిపినందుకు అదే సంఘం ఆమెకు సమాధుల తోటలో ముందుగానే చోటు రాసిచ్చింది. ఆ కాగితం తీసి చూపించింది.

"ఈ చోటు నాది. నా చోట్లో నేను రాయి పెట్టుకుంటాండా. దాని మీద ఎవరి పేరుంటే మీకేందప్పా?"

ఒక పెద్దాయన మెత్తబడ్డాడు. "మరి నువ్వు పోయినాక యాడ పడుకుంటావమ్మా?"

"ఆ రాయి కిందనే. నా పేరు రాయొద్దు. మా జేజి కొవ్వొత్తికి చోటుంటే సాలు."

అత్త పోయినప్పుడు అట్లాగే చేశాం. పేరు రాయకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

ఎదురింటాయన ఫోటోల్లో చివర మనుషులు లేనిది ఒకటి కనబడింది. "ఏముందప్పా ఈడ, పాత మెట్లు" అని దాటేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. వేలు పెట్టి లెక్కపెట్టాను. పదహారు. ఆ ఊరు ఎవరు కట్టారో అప్పుడు చెప్పాను, రెండో కాఫీ చల్లారేదాకా. ఈసారి సమాధుల పండుగకు తానూ వస్తానన్నాడు.

ఏటా కొవ్వొత్తి పెట్టీ పెట్టీ, కారిన మైనం గీకీ గీకీ మా రాయి మీద కింది మెట్లు నునుపెక్కాయి. కాలం అన్నిటినీ అరగదీస్తుందంటారు. అరగదీయనీ. ఆళ్ళగడ్డ ఎంతో దూరం లేదు, మళ్ళీ పోయి చెక్కించుకొస్తాం.