పచ్చరంగులోనే ఉన్న ముల్లు

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో నేను కంప్యూటర్ పని చూస్తాను. గోడకి పెద్ద టీవీ పెట్టి, లెక్కలన్నీ దాని మీద బొమ్మల్లో కనపడేలా చెయ్యమన్నారు మా షావుకారు. ఆ టీవీని బేరానికి వచ్చేవాళ్లు కూర్చునే సోఫాకి ఎదురుగా బిగించారు. నాకు అప్పుడే ఒళ్లు మండింది.

మాకు మూడు గొడౌన్లు. వాటిలో జీడిపిక్కలు ఉన్నంతకాలమే పప్పు ఒలిచే ఆడవాళ్లకి పని. తేమ తగిలితే సరుకు పాడు. అందుకని ఒక్కో గొడౌను తేమనీ విడిగా, హద్దు దాటితే ఎర్రగా కనపడేలా చేశాను. ఆయన మొహం చిట్లించారు.

"ఈ ఎరుపేటమ్మా? బేరానికొచ్చినోళ్లు సూత్తే ఏటనుకుంతారు? మూడూ కలిపీసి ఒక ముల్లు పెట్టు. కారులో ఉంతాది సూడు, అలాగ."

ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే అందరి ఒంటి వేడీ కలిపి సగటు తీస్తామా అని అడిగాను. నవ్వారు. చివరికి మూడింటి సగటు చూపించే ముల్లే వచ్చింది, బాగుంటే పచ్చలో, హద్దు దాటితే ఎరుపులో, చుట్టూ మెరుపులతో. పైన పటారం, లోన లొటారం.

టీవీ రాకముందు ఆయన పొద్దున్నే గొడౌన్లన్నీ తిరిగి, గోనెల్లో చెయ్యి పెట్టి చూసుకునేవారు. ఇప్పుడు కుర్చీలోంచి లేవడం మానేశారు.

వానలకి మూడో గొడౌను రేకు కారింది. తేమ ఎక్కుతోందండీ అని మొత్తుకున్నాను.

"ముల్లు పచ్చలోనే ఉంది గదమ్మా!" అన్నారు టీవీ చూపించి. ముల్లు మీద ఉన్న నమ్మకం దాన్ని తయారుచేసిన నా మీద లేదు.

గోనెలు విప్పితే అంతా బూజు. కబురు చేసేదాకా పనికి రావద్దని ఆ గొడౌను పిక్కలు ఒలిచే ఆడవాళ్లని గేటు దగ్గరే ఆపేశారు. అక్కుపల్లి నుంచి ఆటోలో వచ్చే ఒకామె నన్ను పట్టుకుంది.

"లెక్కలన్నీ ఆ టీవీలో ఉంతాయంతారు గదమ్మా. మా పని పోద్దని అందులో ముందే కనపడనేదేటి?"

"కనపడకుండా చేయించారు," అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, తిరుగు ఆటో కోసం రోడ్డు మీదకి వెళ్లిపోయింది.

కోపంతో లోపలికొచ్చాను. పాడైన సరుకు పారబోశారు కాబట్టి, ఆ గొడౌను లెక్క సగటులోంచి పోయింది. ముల్లు పచ్చరంగులోకి ఇంకా జరిగింది. సోఫాలో కూర్చున్న బేరగాడు దాన్ని చూసి మా షావుకారుని మెచ్చుకుంటున్నాడు.