వస్తాదు గారి తువ్వాలు

ఏలూరు కాలవగట్టు తాలింఖానాలో మా వస్తాదు గారు పగలంతా మిల్లులో బస్తాలు మోసి, సాయంత్రం మాకు కుస్తీ నేర్పేవారు. ఓడిన సంగతి ఇంట్లో తెలియకూడదని, పడినవాడి వీపు మీది మట్టిని తన తువ్వాలుతో ఆయనే దులిపేవారు. మొదట్లో నాకు వీపంతా మట్టే. ఏడాది తిరిగేసరికి ఒక్క భుజానికే అంటేది; మా తాలింఖానాలో అదీ ఓటమే.

"ఒక్క భుజమేగా ఆనిందండీ, సగం ఓటమి వేసుకోండి," అనేవాణ్ణి. మా కిరాణా కొట్లో పెరిగిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ఓటమికి బేరం లేదు బాబూ."

ఒక సాయంత్రం ఆయన్నే పడేశాను. రెండు భుజాలూ నేలకానాయి. ఆయన లేవడానికి చాలాసేపు పట్టింది. తువ్వాలు అందుకుని వీపు దులుపుతూ, "ఒక్క భుజమేనండీ," అన్నాను.

"బేరాలొద్దు," అన్నారు అలసటగా. "బాగా దులుపు బాబూ. ఇంట్లో చూస్తారు."