మచ్చల సారు వీపు

టేకులపల్లి చుట్టుపక్కల తండాల్లో నన్నెవరూ పేరు పెట్టి పిలవలేదు. మచ్చల సారు అనేవారు. నా ఉద్యోగం అదే మరి. సైకిలు మీద ఊరూరా తిరిగి, మనుషుల ఒంటి మీద పాలిపోయిన మచ్చలు వెతకడం, అది కుష్టు అవునో కాదో తేల్చడం, అయితే నెలనెలా మందులివ్వడం. ఎనభైల చివరి సంగతి. నన్ను చూడగానే పిల్లలు చొక్కాలు విప్పి వరసగా నిలబడేవారు. చొక్కాలే లేనివాళ్ళు ఊరికే నిలబడేవారు.

పరీక్ష చాలా తేలిక. మనిషిని కళ్ళు మూసుకోమని, మచ్చ మీద మెత్తగా తాకించి, ఎక్కడ తగిలిందో వేలు పెట్టి చూపించమనాలి. చూపిస్తే మామూలు మచ్చ. చూపించలేకపోతే స్పర్శ పోయినట్టు, అంటే అదే. ఆఫీసువాళ్ళు బాల్‌పెన్నుతో చేయమన్నారు. పెన్ను తీస్తే చాలు, సూది మందనుకుని జనం పరుగో పరుగు. అందుకని సంచిలో ఒక కోడి ఈక పెట్టుకున్నాను. ఈకను చూసి ఎవరూ భయపడలేదు, నవ్వారు.

ఎక్కడికి వెళ్ళినా ఒకటే పాఠం చెప్పేవాడిని. "దురద పెట్టది, నొప్పి ఉండది, అదే దీని దొంగబుద్ధి. మందులు తింటె పోతది. దాచిపెట్టొద్దు, ఇంట్ల చెప్పాలె." ఆ చివరి మాట మరీ గట్టిగా అనేవాడిని. గట్టిగా అనడం నాకు బాగా వచ్చు.

నా మాట నమ్మి ఇంట్లో చెప్పినవాడు ఒక తండా ముసలాయన. నేను తాతా అని పిలిచేవాడిని. నేను కలిసేనాటికే ఆయన వేళ్ళు వంగిపోయి ఉన్నాయి. బీడీ కాలి వేలు కమిలినా ఆయనకు తెలిసేది కాదు, వాసన వస్తే చూసుకునేవాడు. చాలా ఏళ్ళు తెల్లబిళ్ళలు మింగాడు. అవి ఎన్నాళ్ళు మింగాలో ఆయనకూ తెలియదు, నాకూ సరిగా తెలియదు. తర్వాత అట్టల మందులొచ్చాయి. నెలకో అట్ట. మొదటి రోజు బిళ్ళలు నా ఎదుటే మింగాలి. ఆయన అట్టలన్నీ పూర్తయిన రోజున రిజిస్టరులో పేరు కొట్టేసి, "నీ రోగం పోయింది తాతా" అన్నాను.

ఆయన రెండు చేతులూ నా ముందు పెట్టాడు. "పోతే గివి గిట్లనే ఎందుకున్నయ్ సారూ?"

క్రిములు చచ్చాయి, వాటికన్నా ముందే నరాలు చచ్చాయి, అవి మళ్ళీ రావు అని విడమరిచి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అంటె పోలే" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆ తర్వాత అనుమానం వచ్చింది. మా ఆఫీసు గోడ మీద ఒక గ్రాఫు ఉండేది. అందులో ఎర్రగీత ఏటేటా కిందికి దిగుతోంది. రోగం తగ్గి దిగుతోందా, మేము పేర్లు కొట్టేస్తుంటే దిగుతోందా అని మా పెద్దసారును అడిగాను. "రెండూ ఒకటేనయ్యా, టీ తాగు" అన్నారు. తాగాను. రెండూ ఒకటో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంట్లో చెప్పాక తాతను కొడుకు తిట్టలేదు, కొట్టలేదు. మొక్కజొన్న చేను దగ్గర గుడిసె వేసి, చిలకలు తోలమని కావలి పెట్టాడు. కంకులు విరిచి ఇంటికి చేర్చిన తర్వాత కూడా ఆయన అక్కడే ఉన్నాడు. కోడలు అన్నం గిన్నె గట్టు మీద పెట్టి, పలకరించి వెళ్ళిపోయేది. "కావలుంటున్న సారూ" అనేవాడు నాతో. ఏమీ లేని చేనికి కావలేమిటని నేను అడగలేదు. అడిగితే జవాబు నా దగ్గరే ఆగుతుందని నాకు తెలుసు.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం మా ఆవిడ నా వీపు రుద్దుతూ చెయ్యి ఆపింది. "వీపు మీద ఇదేందండీ? శోభి మచ్చ లెక్కుంది."

"శోభే" అన్నాను.

"దురద పెడుతుందా?"

"పెడుతుంది" అన్నాను. పెట్టడం లేదు. ఆమె రోజూ గంధకం మందు రాసేది. మండుతుందా అంటే కొంచెం అనేవాడిని. అదీ అబద్ధమే.

రెండు అద్దాలు పెట్టి చూసుకున్నాను. ఎడమ భుజం కింద రూపాయి బిళ్ళంత మచ్చ, కాస్త రాగిరంగు, మధ్యలో నున్నగా ఉంది. వేలమంది వీపులు చూసినవాడిని, ఒక్క నిమిషంలో చెప్పేయాలి. చెప్పలేకపోయాను. ఒకపూట అదే అనిపించేది, ఇంకోపూట ఛీ కాదనిపించేది. చిక్కేమిటంటే ఈ పరీక్ష ఎవరికి వారు చేసుకోలేరు. వీపుకు తెలియకపోయినా ఎక్కడ తాకానో చేతికి తెలుస్తుంది. తోటివాళ్ళను అడుగుదామంటే సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది, కిరాయి ఇల్లు ఖాళీ చేయమంటారు. ఖమ్మం దవాఖానాకు వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. దాచిపెట్టొద్దని ఊరంతా అరిచిన మనిషిని, బనీను లేకుండా గడప దాటడం మానేశాను.

పాల్వంచ బస్సులో షిఫ్టు దిగిన ఒకతని టిఫిన్ క్యారియర్ నా వీపుకు తగిలింది. తగిలినట్టు స్పష్టంగా తెలిసింది! ఎగిరి గంతేయాలనిపించింది. బస్సు దిగాక గుర్తొచ్చింది, తగిలింది కుడివైపు.

చివరికి తాత దగ్గరికి వెళ్ళాను. ఎందుకు ఆయన దగ్గరికంటే, ఆయన ఎవరికీ చెప్పడు. చెప్పడానికి ఆయన దగ్గర ఎవరున్నారు? ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడుతూనే సంచి విప్పి ఈక ఇచ్చాను. "తాతా, నాకు పరీక్ష చెయ్యి."

ఆయన ఎందుకని అడగలేదు. నా గొంతు తెచ్చుకుని, "అంగీ ఇప్పు. భయపడకు, నొప్పి ఉండది. కండ్లు మూస్కో. ఏడ తగిలిందో చూపియ్యి" అన్నాడు. నేను అలాగే, అంత బడాయిగానే అంటానా అనుకున్నాను.

కళ్ళు మూసుకున్నాను. "ఏడ?" అన్నాడు.

"తెల్వలే."

"ఇప్పుడేడ?"

"తెల్వలే తాతా."

"ఇప్పుడు?"

మూడోసారీ ఏమీ తెలియలేదు. వెనక్కి తిరిగి చూశాను. ఈక నా మడమ దగ్గర నేల మీద పడి ఉంది. తాత వంగిన వేళ్ళు రెండు కలిపి, నా వీపుకు బెత్తెడు దూరంలో, లేని ఈకను జాగ్రత్తగా పట్టుకుని నిలబడ్డాడు. పడిపోయినట్టు ఆయనకు తెలియలేదు.

"ఎప్పుడు పడ్డది?" అని అరిచాను. మొదటిసారి తాకిన తర్వాతా, అసలు తాకకముందేనా? నా బతుకంతా ఆ ఒక్క ముక్క మీద ఉన్నట్టనిపించింది.

"నాకేం తెల్సు సారూ? తెలుస్తె నీ తాన గన్ని మందులెందుకు తింటి?"

నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. పడీ పడీ నవ్వాం. ఆయనే ముందు ఆపి, "ఇంట్ల చెప్పినవా?" అన్నాడు.

"లే."

"నన్నైతే చెప్పుమంటివి గద."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేవాడిని. ఆయన వంగి, రెండు అరచేతుల మధ్య ఈకను ఇరికించి తీసి, మట్టి ఊది ఇచ్చాడు. "ఇంటికాడ చేపిచ్చుకో. ఆమె చేతులు మంచిగుంటయ్."

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ పంచలో చింతపండు గింజలు తీస్తోంది. చొక్కా విప్పి ఆమెకు వీపు పెట్టి కూర్చుని, ఈక ఇచ్చి, శోభి మీద నీకు నచ్చినచోట పెట్టు, ఎక్కడ పెట్టావో చెప్పకు అన్నాను. పగటిపూట ఇదేం ఆట అని ఈక పక్కన పడేసింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని, మచ్చ మీద అరచెయ్యి మొత్తం ఆనించింది. పైన నాలుగు వేళ్ళు తెలిశాయి. కింద మణికట్టు తెలిసింది. మధ్యలో ఏమీ లేదు.

"అది శోభి కాదు. పెద్దరోగం" అన్నాను.

చెయ్యి తీసేస్తుందని ఎదురు చూశాను. భయమేసింది, బాగా భయమేసింది. చాలాసేపటికి కూడా ఆ నాలుగు వేళ్ళు అక్కడే ఉన్నాయి. తాత తన ఇంట్లో చెప్పిందీ ఇదే మాట. ఒకే మాటకు ఆయనకు గుడిసె ఎందుకొచ్చిందో, నాకు ఈ చెయ్యి ఎందుకు మిగిలిందో నాకు అర్థం కాలేదు.

మొదటి అట్ట మొదలుపెట్టిన వారానికి చేను దగ్గరికి వెళ్ళి చెప్పాను. "ఉంది తాతా. ఇంట్ల చెప్పిన."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"మరి నిన్నేడ కావలి పెట్టిండ్రు సారూ?"