కోవళం బురదలో నూనె చుక్క

మా అక్క కూతురు హంస బూజు మీద పరిశోధన చేస్తోంది. గోడకు పట్టేదీ ఊరగాయ జాడీలో తేలేదీ కాదట, సముద్రపు ఒడ్డున బురదలో బతికేది. ఆకు పడినా, కట్టె పడినా, నెమ్మదిగా కరిగించి మళ్ళీ మట్టిలో కలిపేది అదేనట. వాటిలో కొన్ని రకాలు నూనెను కూడా తినేస్తాయని చెప్పింది. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో ముప్పయ్యేళ్ళుగా లేతు మిషను ముందు నిలబడ్డవాణ్ణి, నూనెతో స్నానం చేసినట్టు ఇంటికి వెళ్ళేవాణ్ణి. దాన్ని తినే ప్రాణి ఒకటుందంటే చూడకుండా ఎలా ఉంటాను?

"కంటికి కనపడవు మామా, బురదే కనిపిస్తుంది" అని హంస ముందే చెప్పింది. సరే, బురదే చూస్తానన్నాను. పైగా బురదలోకి గుచ్చి, పొరలు చెదరకుండా పైకి తీసే స్టీలు గొట్టాన్ని ఆమెకు చేసిచ్చింది నేనే. పైన మరతో బిగించే మూత, రెండు పక్కలా పట్టుకోవడానికి పిడి. నా బిడ్డను మొదటిసారి బడికి తీసుకెళ్తున్నట్టు గొట్టాన్ని పాత ధోవతిలో చుట్టి, తెల్లవారకముందే అంబత్తూరులో బీచ్ లోకల్ రైలు ఎక్కాను. ఐసు పెట్టెతో ముందే ఎక్కి ఉన్న హంస ఆడవాళ్ళ పెట్టె వదిలి నా పక్కకు వచ్చి కూర్చుంది.

బండిలోనే అసలు సంగతి చెప్పింది.

"హార్బరు బురదలో డీజిల్ ఉండాది, ఊరి బయట కోవళం క్రీకులో లేదు. ఆడ బతికే ఫంగస్ వేరే, ఈడ బతికేది వేరే. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తేనే నా థీసిస్. వచ్చే వారం వాన పట్టుకుంటే అడుగు బురదంతా కలిసిపోతాది మామా. ఇంకో ఏడాది ఆగాల. అంతవరకూ నాకు ఫెలోషిప్ రాదు."

"ఈ పొద్దే అయిపోతుంది లేమ్మే. గొట్టం ఎవరు చేసింది?" అన్నాను. గొప్పలు పోవడంలో నేను తక్కువ తిన్నవాణ్ణి కాను.

రాయపురంలో దిగి, ఆటోలో కాసిమేడు హార్బరుకు వెళ్ళేసరికి చేపల వేలం జోరుగా సాగుతోంది. వెళ్ళదలచినవాళ్ళు పాత చెప్పులు వేసుకోండి, కొత్తవి మళ్ళీ ఇంటికి రావు. కట్టి ఉన్న పడవ మీంచి గొట్టం దించాం. నీటి మీద డీజిల్ రంగులు రంగులుగా తేలుతోంది. నల్లటి బురద ముద్దలా లేచివచ్చింది, వాసన చెప్పతరం కాదు. హంస గ్లవుసులు వేసుకుని దాన్ని డబ్బాల్లోకి ఎత్తి ఐసులో సర్దుతుంటే, గంప దించిన ఒకావిడ తొంగి చూసింది.

"ఏం పట్టినారు?" అని అరవంలో అడిగింది.

"బురదమ్మా" అన్నాను.

"బురదకా ఐసు? మా చేపలకే చాలకపోతే!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

దారిలో ఇడ్లీ తిని, హైకోర్టు ఎదుట కోవళం బస్సు ఎక్కాం. మామూలు సర్వీసులో ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి హంసకు టికెట్టు లేదు, నాకు ఉంది. ఎడమవైపు కూర్చుంటే తిరువాన్మియూరు దాటాక సముద్రం అక్కడక్కడ కనిపిస్తుంది. నేను కుడివైపు కూర్చుని, దారి పొడుగునా అటువైపు వాళ్ళ తలలు చూశాను.

కోవళంలో ఆరుముగం అని పీతలు పట్టే ఆయన మా కోసం పడవతో సిద్ధంగా ఉన్నాడు. భోజనం చేసి, పోటు తగ్గిన వేళకు క్రీకులోకి, ఆ ఉప్పునీటి పాయలోకి, వెళ్ళాం. నీళ్ళు పల్చగా ఉన్నాయి, బురద మీద చిన్న పీతలు పరుగులు తీస్తున్నాయి. ఆ చోటు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. హంస మోకాటి లోతులో దిగి గొట్టం గుచ్చింది, అడుగున బిరడా పెట్టి ఎత్తింది. బురద పైన నిలిచిన కాసిని నీళ్ళను తెల్ల పళ్ళెంలోకి వంచింది.

నీటి మీద సన్నటి రంగుల పొర.

"ఈడ కూడా ఆయిలా?" అంది హంస. ఇంకోచోట గుచ్చింది. మళ్ళీ అదే పొర.

ఆరుముగానికి కోపం వచ్చింది. "నాది తెడ్డు పడవ. ఈ పక్కకు మోటారు పడవలు రావు. నూనె ఉందని నువ్వు రాసేస్తే మా పీతలు ఎవరమ్మా కొంటారు?"

 పోల్చి చూడటానికి నూనె లేని చోటు దొరక్కపోతే హంస చేతిలో మిగిలేది ఒట్టి హార్బరు బురదే. నేను గొట్టాన్ని తలకిందులు చేసి చూశాను, ఏదో అనుమానం. మూత తిప్పి ఊడదీశాను. మరలో తళతళా మెరుస్తోంది మిషనాయిలు. 

"అమ్మే, ఇది క్రీకు నూనె కాదు. నాది."

"ఏంది మామా?"

"మర జామ్ కాకూడదని రెండు చుక్కలు వేసినా."

"నేను స్పిరిట్ పెట్టి తుడిచినాను కదా!"

"నువ్వు గొట్టం తుడిచినావు. మూత ఊడి వస్తుందని నీకు చెప్పలేదే."

మా షాపులో నూనె వేయకుండా మర బిగించడమంటే, ఉప్పు వేయకుండా కూర దించినట్టు. స్టీలు మర పొడిగా తిప్పితే ఒకదానికొకటి కరుచుకుని మళ్ళీ రాదు. ఆలోచించి చేసింది కాదు, చెయ్యి దానంతటది చేసేసింది. హార్బరులో నీళ్ళే నూనెమయం కాబట్టి అక్కడ ఎవరికీ తెలియలేదు. అంటే పొద్దుటి బురద కూడా పోయినట్టే. హంస పడవ అంచు మీద కూర్చుని తల దించుకుంది. తిట్టినా బాగుండేదనిపించింది.

తలెత్తి అంది, "అంతా నీ నూనే అని ఎట్లా తెలిసేది? క్రీకుది కూడా ఉంటే?"

ఆ మాట నిజమే. పడవ ఒడ్డుకు పోనిమ్మని ఆరుముగంతో అన్నాను. బజారులో ఇనప సామాన్ల కొట్టుంది. ప్లాస్టిక్ గొట్టం ఒక మూర ముక్క కోయించి, కొట్టు ముందర గరుకు మెట్టు మీద దాని మూతి పదునుగా అరగదీశాను. పక్క టీ అంగడి ఆయన గొట్టం నిండా వేడినీళ్ళు కుమ్మరించి, "ఏ జబ్బుకయ్యా ఈ వైద్యం?" అన్నాడు. హంస మళ్ళీ స్పిరిట్ పెట్టి తుడిచింది. ఈసారి నా చెయ్యి తగలనివ్వలేదు.

మేం తిరిగి వెళ్ళేసరికి పోటు మొదలైంది. మోకాటి లోతు కాస్తా నడుము దాకా వచ్చింది. నేనే పంచె ఎగగట్టి దిగాను. నా చేతులకు గ్లవుసులు తొడిగి, ఎక్కడ పట్టుకోవాలో హంస పడవలోంచి చెబుతుంటే గొట్టం గుచ్చాను. లోపలికి దిగడానికి మొరాయించింది, ఒళ్ళంతా బరువు పెట్టి నొక్కాను. అడుగున బిరడా పెట్టి ఎత్తి ఇచ్చాను. హంస పళ్ళెంలోకి నీళ్ళు వంచింది. ముగ్గురం తలలు వంచి చూశాం. పళ్ళెం వెలుతురుకు ఇటు తిప్పింది, అటు తిప్పింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

"చెప్పినానా లేదా?" అన్నాడు ఆరుముగం. హంస మాత్రం నీళ్ళలో ఉన్న నన్ను చూసి ఏడుస్తూ నవ్వింది. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంకో రెండు చోట్ల గుచ్చాం, వాటిలోనూ రంగు లేదు.

తర్వాత ఆమె గొట్టంలోంచి బురదను నెట్టి నాకు చూపించింది. పైన వేలెడు గోధుమరంగు, దాని కింద నలుపు. గాలి తగిలే ఆ పైపొరలోనే ఎక్కువ మంది ఉంటారట, కింద గాలి లేని చోట కూడా కొందరు ఎట్లాగో నెట్టుకొస్తారట. మనుషుల గురించి చెప్పినట్టే చెప్పింది. నూనె తగిలిన బురదను నేను నీళ్ళలో పారబోయబోతే చెయ్యి పట్టుకుంది.

"పారేయొద్దు మామా. ఎప్పుడూ నూనె ఎరగని వీళ్ళకు నూనె పెడితే ఎవరు నిద్ర లేస్తారో చూద్దాం."

చీకటి పడుతుండగా బస్సెక్కాం. ఈసారి సముద్రం వైపు సీటు దొరికింది గానీ ఏమీ కనిపించలేదు. పుట్టినప్పటి నుంచీ ఈ ఊళ్ళో ఉన్నాను, సముద్రమంటే అలలూ, ఒడ్డున అమ్మే సుండల్ గుగ్గిళ్ళూ అనుకున్నాను. దాని అడుగున ఇంత కాపురం నడుస్తోందని ఎవరూ చెప్పలేదు. రేపు పొద్దున ప్లాస్టిక్ గొట్టంతో మళ్ళీ కాసిమేడు వెళ్ళాలి. వాన ఇంకా రాలేదు.

హంస నా ఒళ్ళో డబ్బా పెట్టి మూత మీద ఏదో రాస్తోంది. వంగి చదివాను. 'కోవళం, శ్రీరాములు మామ నూనె' అని ఉంది.

"ఇదేందమ్మే, నా పేరు?"

"థీసిస్‌లో కూడా ఉంటుంది మామా. నూనె ఎట్లా వచ్చిందో రాయాల కదా."

ముందు సిగ్గుతో చచ్చిపోయాను. ముప్పయ్యేళ్ళలో నేను చేసిన సామాన్లు లారీల కొద్దీ వెళ్ళాయి, ఏ ఒక్కదాని మీదా నా పేరు లేదు, ఎవరూ రాయరు కూడా. మొదటిసారి రాసింది చెడగొట్టిన బురద మీద. నిజం చెప్పాలంటే సంతోషమే వేసింది.

"ఇంటిపేరు కూడా వెయ్యి" అన్నాను.