రెండో తాళంచెవి

వసుమతికి నలభై దాటాక డ్రైవింగ్ లైసెన్స్ వచ్చింది. రెండుసార్లు పరీక్ష తప్పి మూడోసారి గట్టెక్కింది. అప్పటిదాకా అమెరికాలోని అరోరా ఊళ్లో ఆమె బతుకంతా డ్రైవర్ పక్క సీట్లోనే గడిచింది. కూరగాయలకు వెళ్లాలన్నా, గుడికి వెళ్లాలన్నా, భర్త రఘువీర్ లాప్‌టాప్ మూసేదాకా చెప్పులేసుకుని గుమ్మంలో ఎదురుచూడాల్సిందే. లైసెన్స్ వచ్చాక రఘువీర్ తనకో కొత్త కారు కొనుక్కుని, పాతది ఆమెకు వదిలేశాడు. ఇక ఆమె కాలు ఇంట్లో నిలిస్తే ఒట్టు. గ్రీన్‌కార్డు కూడా చేతికొచ్చింది గనుక, పక్క ఊరు నేపర్‌విల్‌లో రేణు అనే ఆవిడ నడిపే డేకేర్‌లో పనికి కుదిరింది. పిల్లలకు అన్నాలు తినిపించి, నిద్రపుచ్చి, వస్తూ వస్తూ సరుకులు తెచ్చుకునేది. తన కారు తాళంచెవికి ఎర్రదారం కట్టి వంటింట్లో కొక్కేనికి తగిలించింది. ఆ ఇంట్లో అచ్చంగా తనది అనుకున్న వస్తువు అదొక్కటే.

జులైలో పీడ మొదలైంది. సరుకుల కొట్టు ముందు ఎండలో కారు ఆపి, మళ్లీ బయల్దేరి, సిగ్నల్ దగ్గర ఎడమకు తిరుగుతుంటే ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. స్టీరింగ్ బండలా బిగుసుకుంది. వెనకాల లారీ హారన్ మోగుతూనే ఉంది. కాసేపాగి తిప్పితే మళ్లీ స్టార్ట్ అయింది. ఆమె రోడ్డు అంచు వెంటే మెల్లగా నడుపుకుంటూ ఇల్లు చేరింది. సంగతి వింటూనే రఘువీర్ సాయంత్రం చల్లబడ్డాక నాలుగు వీధులు తిప్పి తెచ్చి, కారు భేషుగ్గా ఉందన్నాడు.

అతని ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా ఫలానా చోట తప్పుందని ఫిర్యాదు చేస్తే, అది తన దగ్గర మళ్లీ కనపడకపోతే, ఆ ఫిర్యాదు మూసేస్తాడు. ఇంట్లోనూ అదే చేశాడు.

కారు మళ్లీ ఆగింది. మళ్లీ అతను చల్లటి పూట తిప్పి చూశాడు. మెకానిక్ కూడా పొద్దున్నే, ఇంజిన్ వేడెక్కకముందే స్కానర్ తగిలించి, తప్పేమీ కనపడలేదన్నాడు. ఇక రఘువీర్ కారును వదిలి పెళ్లాన్ని టెస్ట్ చేయడం మొదలుపెట్టాడు. గేర్ న్యూట్రల్‌లో పడుతోందా, మోకాలు తాళంచెవికి తగులుతోందా, కంగారులో ఏదైనా నొక్కుతున్నావా అని ఆరా తీశాడు.

"టెన్షన్ పడకు వసూ. నేను డ్రైవ్ చేస్తే ఒక్కసారి కూడా ఆగలేదు కదా," అన్నాడు.

కసురుకుని ఉంటే ఆమె ఎదురు చెప్పేదే. అతను జాలిగా అన్నాడు. రానురాను తన కాళ్ల మీద తనకే అనుమానం పట్టుకుంది. ఒకరోజు రైలు పట్టాలు దాటీదాటగానే కారు ఆగింది. ఆ రోజు ఇంటికొచ్చి ఎర్రదారం తాళంచెవిని కొక్కేనికి తగిలించి, మరి దాని జోలికి పోలేదు. ఒంట్లో బాగోలేదని రేణుకు చెప్పింది.

తర్వాత కొన్నాళ్లకు రఘువీర్ కొత్త కారు సర్వీసుకు వెళ్లింది. అతను పాతదాంట్లో ఆఫీసుకి పోయి, మిట్టమధ్యాహ్నం మండుటెండలో భోజనానికి బయల్దేరాడు. నడిరోడ్డు మీద ఆగిపోయింది.

"ప్రాబ్లం కార్‌లోనే ఉంది వసూ," అన్నాడు ఇంటికొచ్చి, కొత్త సంగతేదో కనిపెట్టినట్టు. ఆమెకు అన్నిసార్లు ఆగితే ఆమె తప్పయింది. అయ్యగారికి ఒక్కసారి ఆగేసరికి కారు తప్పయింది. వసుమతికి మాత్రం కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

ఈసారి మెకానిక్ ఇంజిన్ నడుస్తుండగానే, దాని పక్కనున్న ఓ రేకుపెట్టె మీదికి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో వేడిగాలి కొట్టాడు. ఇంజిన్‌కి ఎప్పుడెంత పెట్రోలు అందాలో, ఎప్పుడు నిప్పు రాజుకోవాలో చెప్పే మెదడు ఆ పెట్టే. వేడెక్కగానే ఇంజిన్ ఆగింది. పెట్టె స్కానర్‌కి జవాబివ్వడం మానేసింది. మార్చాల్సిందే అన్నాడు మెకానిక్. ఇంట్లో ఉన్న తాళంచెవులన్నీ తెమ్మని కూడా చెప్పాడు. కొత్త పెట్టెకు ప్రతి తాళంచెవినీ గుర్తు నేర్పాలట. నేర్పనిదాన్ని దొంగ తాళం అనుకుంటుందట, ఇంజిన్ అలా లేచి ఇలా ఆగిపోతుందట.

రఘువీర్ తన జేబులోని తాళంచెవి ఒక్కటే ఇచ్చాడు. రెండోది ఉందిగానీ దాన్నిప్పుడెవరూ వాడటం లేదు, తర్వాత తెస్తానన్నాడు. ఇల్లు చేరేసరికి ఆ మాటే మరిచిపోయాడు. పెట్టె మార్చారు, ఇక ఏ బాధా లేదని మాత్రం భార్యతో చెప్పాడు.

ఆ వారమే రేణు ఫోన్ చేసింది. సోమవారం నుంచి రాలేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానంది. వస్తానంది వసుమతి. అనేశాక భయమూ వేసింది, ఎంతో కాలానికి సంతోషమూ వేసింది.

సోమవారం రఘువీర్ వెళ్లిపోయాక అన్నం డబ్బా సర్దుకుని, ఎర్రదారం తాళంచెవి తీసుకుని గరాజ్‌లోకి వెళ్లింది. సీటు ముందుకు జరుపుకుంది. అద్దం సరిచేసుకుంది. తాళంచెవి తిప్పితే ఇంజిన్ లేచింది, ఆమె ప్రాణమూ లేచొచ్చింది. మరుక్షణం ఆగిపోయింది.

మళ్లీ తిప్పింది. లేచి ఆగిపోయింది. మోకాలు దూరంగా పెట్టింది, గేర్ చూసుకుంది, ఊపిరి బిగబట్టి తిప్పింది. అదే వరస. డయల్ మీద చిన్న ఎర్రదీపం టపటపా కొట్టుకుంటోంది. అది ఎందుకు వెలుగుతోందో ఆమెకు ఎవరు చెప్పారు గనక? మొగుడికి ఫోన్ చేద్దామనుకుంది. అతనేం అడుగుతాడో ముందే వినపడింది. స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చి, ఏడుపు అయ్యాక రేణుకు ఫోన్ చేసింది.

"నా వల్ల కాదండీ. వేరే ఆవిడని చూసుకోండి," అంది. కారు ఊసే ఎత్తలేదు.

సాయంత్రం రఘువీర్ పాలకు వెళ్తూ, పెట్టె మార్చాక ఎలా ఉందో చూద్దామని పాత కారు తీశాడు. అతని తాళంచెవికి అది ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. వంటింట్లో వసుమతి ఆ చప్పుడు విని, చేస్తున్న పని ఆపి నిలబడిపోయింది.

"కారు సూపర్‌గా నడుస్తోంది. నువ్వు కూడా మెల్లగా మొదలుపెట్టొచ్చుగా?" అన్నాడు వచ్చాక.

"నాకు చేతకాదులెండి," అంది వసుమతి.

"సరే, నీ ఇష్టం," అన్నాడు రఘువీర్. తన తాళంచెవిని ఎర్రదారం పక్కనే తగిలించి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు.