బొమ్మల యుద్ధానికి సముద్రపు ఇసుక

నా నోటికి జడిసి మా ఇంటికి చుట్టాలు తక్కువగా వస్తారు. తమ్ముడు మాత్రం వచ్చి పైగదిలో ఉండిపోయాడు. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్యలు పోయాక, చెరువులు వదిలేసి ఇందుకూరుపేటలో మా ఇంటికి చేరాడు. నలభై దాటినవాడు. మూడు నెలలు గోడకేసి చూస్తూ పడుకున్నాడు.

ఆ తర్వాత బొటనవేలంత సిపాయి బొమ్మలు తెప్పించుకుని రంగులేయడం మొదలుపెట్టాడు. ఇద్దరు కూర్చుని, పాచికలేసి, టేపుతో దూరాలు కొలుచుకుంటూ వాటితో యుద్ధం ఆడతారట. ఆ యుద్ధానికి నేల కావాలి గదా! రెండడుగుల చెక్క మీద థర్మోకోల్ కోసి గుట్టలు అంటించాడు. కొబ్బరిపీచుతో పొదలు పెట్టాడు.

"రొయ్యలు పోయి సిపాయిలొచ్చినారా?" అన్నాను.

"వీళ్ళకి తెగులు రాదులేక్కా," అని నవ్వాడు. వచ్చాక వాడు నవ్వడం అదే మొదలు. సూళ్లూరుపేటలో ఉన్న కాలేజీ స్నేహితుణ్ణి ఆదివారం ఆటకు పిలిచాడు కూడా.

నేల మీద చల్లడానికి పెన్న ఇసుక ఒక సంచి తెమ్మన్నాడు. ఏటి కోసం కోవూరు దాకా ఎవరు పోతారని, మైపాడులో పనిబడి వెళ్ళినప్పుడు తీరంలోనే సంచి నింపాను. సముద్రపు ఇసుకతో కడితే గోడ చెమర్చి, ఉప్పు పూసి, సున్నం రాలుతుందని ఇక్కడ పుట్టినవాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. చెక్కముక్కకి ఇంత రాద్ధాంతమెందుకని, గవ్వముక్కలు కనబడకుండా జల్లెడపట్టి మరీ ఇచ్చాను.

"ఏటి ఇసకేనా అక్కా? మరీ సన్నంగా ఉండాది."

"ఏటిదే. ఇసకకి గూడా గోత్రం అడుగుతావేందిరా?"

బంక పూసి, ఇసుక చల్లి, రంగేశాడు. శనివారమంతా ముసురు పట్టింది. ఆదివారం పొద్దున చూస్తే చెక్కంతా చెమర్చి ఉంది. గుట్టల మీద తెల్లగా ఉప్పు పూసి, రంగు పొట్టులా లేచిపోయింది.

"నా చెయ్యే అంతలేక్కా. చెరువైనా ఇంతే, ఇదైనా ఇంతే," అన్నాడు. స్నేహితుడికి ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదు రావద్దన్నాడు. నేను గుమ్మంలోనే నిలబడి విన్నాను. బస్సు కండక్టరుతో అరగంట వాదించగలిగే నేను, పొయ్యి మీద పులుసు చూడాలని కిందికి దిగిపోయాను.

మధ్యాహ్నం పులుసు వడ్డిస్తూ చెప్పాను. "అది మైపాడు ఇసకరా."

వాడు లేచి చెయ్యి కడుక్కుని పైకి పోయాడు. నేనూ వెనకే వెళ్ళాను. చెక్క మీంచి చిటికెడు ఇసుక గీరి నాలిక మీద వేసుకున్నాడు.

"చెరువు నీళ్ళల్లో ఉప్పెంతుందో నాలికతోనే చెప్పేవాణ్ణి. దీన్ని చూడాలని తోచలా. నువ్వు ఏటిదే అంటివి గదా."

అరవలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి తేలికపడేదాన్ని.

ఆ వారమే కోవూరు పోయి పెన్న ఇసుక తెచ్చిచ్చాను. వాడు సంచి మూతి విప్పి, ముందు చిటికెడు నోట్లో వేసుకున్నాడు. నా ఎదురుగానే. ఆ తర్వాతే పైకి తీసుకుపోయాడు.