తొక్కు, పట్టు, వదులు

కారు బ్రేకులు బాగుచేసి బతుకు పాడుచేసుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదుగో, నేనే.

అప్పట్లో మణుగూరులో మా మేనమామ ఇంట్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఉద్యోగం సంగతేమో గానీ, మామ కూతురు సుజాతను పెళ్లి చేసుకోవాలని నాకు ప్రాణం. ఆమెకూ ఇష్టమేనని, మామకు తప్ప, ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. నోరు తెరిచి అడగడానికే నాకు ధైర్యం చాలలేదు. ఏదైనా ఘనకార్యం చేసి, మామ మురిసిపోతున్నప్పుడు అడిగేద్దామని చూస్తున్నాను.

ఆ ఘనకార్యం కారు రూపంలో వచ్చింది. మామ పాత కారుకి బ్రేకు తొక్కితే మెత్తగా లోపలికి దిగిపోతోంది.

"రేపు ఏన్కూరు పోయే పనుంది. జల్దీ మెకానిక్‌ను పిలువాలె" అన్నాడు మామ.

"మెకానిక్ ఎందుకు మామా? పాత ఆయిల్ తీసి కొత్తది పోసి, పైపుల్ల గాలి తీస్తే అయిపాయె. నేను చేస్త!"

"నీకొస్తదారా?"

"ఫోన్ల వీడియో చూసిన."

మామ నన్ను ఎగాదిగా చూసి, "సరే, కానియ్" అన్నాడు. ఏన్కూరులో పనేమిటని అడగాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. వీడియోలో అది చెప్పలేదు మరి.

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు కారు కింద పడుకుని చక్రం దగ్గరి చిన్న నట్టు తిప్పితే పాత ఆయిలూ గాలిబుడగలూ బయటికొస్తాయి. నట్టు బిగించాకే పెడల్ వదలాలి. ముందే వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. పెడల్ మీదికి నేనెవరిని పిలిచి ఉంటానో మీరే ఊహించండి.

"తొక్కు! పట్టు! వదులు!" అని కిందనుంచి నేను. "తొక్కిన, పట్టిన, వదిలిన" అని పైనుంచి సుజాత. నాకవి పెళ్లిమంత్రాల్లాగే వినిపించాయి. ఆ మైకంలో బానెట్ కింది డబ్బాలో ఆయిల్ అయిపోవడం చూసుకోలేదు. పైపుల నిండా గాలి చేరి మళ్లీ మొదటికొచ్చాం.

"ఏంది బావా, పొద్దుగాల సంది గిదేనా? కాలు గుంజుతున్నది."

"ఒక్క నిమిషం సుజీ!"

నా నిమిషం మధ్యాహ్నం దాటింది. చివరికి బుడగ లేకుండా శుభ్రమైన ఆయిల్ వచ్చింది. నట్టు బిగించాను. అప్పుడే సుజాత గొంతు, ఎందుకో కాస్త వణుకుతూ వినిపించింది.

"బావా, ఇంకెన్ని దినాలు గిట్ల పట్టుకొని కూసోవాలె? పట్టుకోమంటవా, వదిలెయ్యమంటవా? ఒక్కమాట చెప్పు."

"వదిలెయ్, వదిలెయ్! నా పనైపోయింది!" అని సంబరంగా అరిచాను.

"నిజంగనా?"

"అవ్! ఎప్పుడో వదిలెయ్యాల్సింది!"

కారు తలుపు ధడాలున పడింది. కాలు నొప్పి కాబోలు, పాపం అనుకున్నాను.

సాయంత్రం మామ కారు నడిపి చూసి, "శభాష్ అల్లుడా! పెడల్ రాయి లెక్కున్నది" అని భుజం తట్టాడు. అడగవలసింది అప్పుడే. ఏన్కూరు వెళ్లొచ్చాక తీరిగ్గా అడుగుదాం లెమ్మనుకున్నాను. గాడిదకైనా అంతకంటే తొందర ఉంటుంది.

మర్నాడు మామ స్వీట్ల డబ్బాతో దిగాడు. ఏన్కూరు అబ్బాయితో సుజాత పెళ్లి ఖాయం చేసి, తాంబూలాలు కూడా మార్చుకుని వచ్చాడట. లడ్డూ తెచ్చి నా నోట్లోనే పెట్టాడు. అది మింగలేక, కక్కలేక వంటింట్లోకి పరుగెత్తాను.

"ఏంది సుజీ ఇది? నువ్వెట్ల ఒప్పుకున్నవ్?"

"నాయిన ఏన్కూరు సంబంధం సంగతి ముందే చెప్పిండు. నిన్నడిగినంకనే ఒప్పుకున్న. వదిలెయ్యమన్నవ్ గదా?"

"అది పెడల్ గురించి!"

సుజాత పొయ్యి కట్టేసి నా వైపు తిరిగింది.

"నేను పెడల్ గురించి అడిగిన్నా బావా?"

తాంబూలాలిచ్చాక మామ మాట వెనక్కి తీసుకోడు. తీసుకోమని ఆమె అడగలేదు, నేను అడగలేకపోయాను. అప్పగింతల నాడు ఆ కారు నడిపి ఆమెను ఏన్కూరులో దింపింది కూడా నేనే. దారంతా అడవి, మలుపులు. బ్రేకులు ఒక్కచోట కూడా మొరాయించలేదు. వాటి మీద నాకింకా కోపం పోలేదు.

కాబట్టి పాఠకుల సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా "పట్టుకోనా, వదిలెయ్యనా?" అని అడిగితే, ముందు కారు కిందనుంచి బయటికొస్తాను. అడిగినవాళ్ల మొహం చూస్తాను. "దేన్ని?" అని అడిగాకే జవాబు చెప్తాను.

ఇంతవరకు మళ్లీ ఎవరూ అడగలేదు.